రోజుకు రెండు కొండగట్టులు

నిన్నటి పేపరు ఇంట్లోనే ఉందా? ఉంటే జిల్లా ఎడిషన్ తీయండి. లోపలి పేజీల్లో, అడుగున చూడండి. ‘పురుగుమందు తాగి వివాహిత మృతి’. నాలుగే నాలుగు వాక్యాలు. ఊరు, మండలం, వయసు, ‘కడుపునొప్పి తాళలేక’ అనే ముక్క, ‘ఎస్సై కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు’ అనే ముక్క.

చదివారా?

చదవలేదు. మీ చూపు దాని మీద ఆగనే లేదు. పక్కనున్న బంగారం ధర దగ్గర ఆగింది.

రేపో ఎల్లుండో అదే వార్త మళ్లీ వస్తుంది. ఊరు మారుతుంది, వయసు మారుతుంది, కడుపునొప్పి మారదు. ఏళ్ల తరబడి మారలేదు. ఇంతమంది ఆడపిల్లలకు ప్రాణం తీసేంత కడుపునొప్పి ఎక్కణ్ణుంచి వస్తోందని ఒక్కసారైనా అడిగారా మీరు? రాసిన విలేకరిని అడిగారా? ఆ ఎస్సైని అడిగారా?

ఎక్కడ పుడుతుందో నేను చెబుతాను.

మార్చురీ బయట, చెట్టు కింద పుడుతుంది. పిల్ల తండ్రి అక్కడ చతికిలబడి ఉంటాడు. పొద్దుటి నుంచి మంచినీళ్లు ముట్టలేదు. అల్లుడి తరఫు పెద్దమనుషులు ఓ పక్క, స్టేషన్ రైటర్ ఓ పక్క. చీకటి పడేలోపు పోస్టుమార్టం కావాలి, లేదంటే రాత్రంతా శవం ఇక్కడే. ‘జరిగిందేదో జరిగింది, పిల్లల మొహం చూడు బావా’ అంటాడొకడు. ‘కేసంటే ఏళ్లు తిరగాలి మామా, నీ వల్ల కాదు’ అంటాడు ఇంకొకడు. రైటర్ తెల్లకాగితం తీస్తాడు. ఆ వాక్యాలు అతనికి కంఠతా వచ్చు. కొంతకాలంగా కడుపునొప్పితో బాధపడుతూ, ఎందరు డాక్టర్లకు చూపించినా తగ్గక, జీవితంపై విరక్తి చెంది. మా అమ్మాయి మృతిపై మాకు ఎవరి మీదా అనుమానం లేదు. కింద తండ్రి వేలిముద్ర. ఆ వేలి సిరా ఆయన తన పంచెకే తుడుచుకుంటాడు.

అంతే. ఇవ్వాల్సిన కట్నం బాకీ ఆ కాగితంలో లేదు. తాగొచ్చి కొట్టిన రాత్రులు లేవు. పుట్టింటికి ఫోన్ చేస్తే లాక్కున్న సంగతి లేదు. పెళ్లయిన ఏడేళ్లలోపు చనిపోతే మేజిస్ట్రేటు హోదా ఉన్న అధికారి వచ్చి శవపంచనామా చేయాలని చట్టం ఉంది. ఎనిమిదో ఏడు పడిందా, ఆ మాత్రం అడిగేవాడు కూడా ఉండడు.

నిజంగానే నొప్పితో నలిగిపోయినవాళ్లూ ఉన్నారు. 2022 లెక్కల్లో దేశవ్యాప్తంగా 18 శాతానికి పైగా ఆత్మహత్యలకు జబ్బే కారణమని రాశారు. ఒక మనిషి వైద్యానికి డబ్బుల్లేక, నొప్పితో బతకలేక పోయిందంటే, అది దర్యాప్తు ముగించడానికి కారణమా? అక్కణ్ణుంచే కదా దర్యాప్తు మొదలవ్వాల్సింది!

ఇక అంకెలు. ఆ 2022లో ఆత్మహత్యతో పోయినవాళ్లు 1,70,924 మంది అని జాతీయ నేర గణాంక సంస్థే చెప్పింది. అందులో విషం వల్ల పోయినవాళ్లు 25.4 శాతం. నలభై మూడు వేల పైమాట. రోజుకు దాదాపు నూట ఇరవై మంది.

2018 సెప్టెంబరులో కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడింది. అరవై మందికి పైగా పోయారు. గుర్తుందా? టీవీలు రాత్రంతా అదే చూపించాయి. బస్సు కండిషన్‌లో ఉందా, అంతమందిని ఎందుకు ఎక్కించారు, ఆ దారిన ఎందుకు పోనిచ్చారు అని మీరే అడిగారు. టీకొట్టు దగ్గర అడిగారు, ఇంట్లో అన్నం తింటూ అడిగారు. డిపో మేనేజర్ సస్పెండ్ అయ్యాడు.

విషం వల్ల ఈ దేశంలో రోజుకు రెండు కొండగట్టులు జరుగుతున్నాయి. ఆదివారం లేదు, పండగ లేదు.

ఎవరు సస్పెండ్ అయ్యారు?

మన సంగతి ఇంకా ఘోరం. 2022లో దేశంలో లక్ష మందికి 12.4 ఆత్మహత్యలైతే తెలంగాణలో 26.3. రెండింతలకు పైన. ఒక్క ఏడాదిలో 9,980 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8,908 మంది. ఇవి కాగితానికెక్కినవి. ‘దగ్గుమందు అనుకుని పొరపాటున తాగాడు’ అని రాయించినవి ఇందులో ఉండవు. పరువు కోసం, పోలీసుల భయంతో గుట్టుచప్పుడు కాకుండా కాల్చేసినవి ఇందులో ఉండవు.

ఇక్కడ మీరు ఒక మాట అంటారు. ‘పాపం, రైతులు.’ ఆ మాట అనేసి పేజీ తిప్పేస్తారు.

రైతులే, కాదనను. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతులు వరసపెట్టి రాలిపోతే రాష్ట్రమంతా నిర్ఘాంతపోయింది. పురుగును చంపని మందు రైతును చంపిందని అప్పట్లో అనని నోరు లేదు. ఆ తర్వాత? అలవాటైపోయింది. 2022లో సాగు మీద బతికేవాళ్లు దేశంలో 11,290 మంది పోయారు. అందులో సగానికి పైగా కూలీలు. సెంటు భూమి లేనివాళ్లు. రైతు ఆత్మహత్య అనగానే మీ కళ్ల ముందు కనిపించే తలపాగా బొమ్మలో వాళ్లు లేరు.

అదే ఏడాది గృహిణులు 25 వేల మందికి పైగా పోయారు. విద్యార్థులు 13 వేల మందికి పైగా. మొత్తం మృతుల్లో నాలుగో వంతుకు మించి రోజుకూలీలు. వీళ్ల పేరు చెప్పి ఏ పార్టీ ధర్నా చేసింది? ఏ అసెంబ్లీ వాయిదా పడింది? భార్యలు పోతున్నారు, పిల్లలు పోతున్నారు, అడ్డా మీద పని దొరకని మేస్త్రీ పోతున్నాడు. వీళ్లకు జెండా లేదు కాబట్టి మీకు వీళ్లు లేరు.

‘పిరికితనం’ అంటారు మీరు. ‘ఆ మాత్రం దానికే ప్రాణం తీసుకుంటారా’ అంటారు. ‘రాసిపెట్టి ఉంది’ అంటారు.

ఎవరు రాశారు? ఎక్కడ రాశారు?

బతికి బయటపడ్డవాళ్లతో ఎప్పుడైనా కూర్చుని మాట్లాడారా? మాట్లాడితే తెలిసేది. ఎక్కువమందికి చావాలని లేదు. ఆ బాధ ఆగాలని ఉంది, అంతే. మొగుడు అందరి ముందూ చెయ్యిచేసుకున్న పూట. అప్పులవాడు గడపలో కూర్చుని వంటింట్లోకి వినపడేలా బూతులు తిట్టిన పూట. ఫోన్‌లో రిజల్టు తెరిచిన పూట. ఆలోచనకూ చేతకూ మధ్య నిమిషాలే గడిచినవాళ్లు ఎందరో. ఆ గడియ దాటించగలిగితే మనిషి దక్కుతుంది. ఆత్మహత్యా ప్రయత్నం నుంచి బతికినవాళ్లలో అత్యధికులు తర్వాత ఆత్మహత్యతో చనిపోరని ప్రపంచంలో చాలాచోట్ల చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. వాళ్లు పెళ్లిళ్లు చేశారు, మనవల్ని ఎత్తుకున్నారు, పంట పండించారు.

అంటే ఏమిటి? ఆ గడియలో చేతికి ఏం అందుతుందన్నది ప్రాణం పోవడాన్నీ నిలవడాన్నీ తేలుస్తోంది. మరి మనం ప్రతి పల్లె ఇంట్లో చేతికందే దూరంలో ఏం పెట్టాం?

ఆ మందుల పేర్లు నేను రాయను. ఎలా, ఎంత అన్నదీ రాయను. రాస్తే ఎవరికి అపాయమో నాకు తెలుసు. మా పత్రికా వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. తెలిసీ రాస్తున్నారు. ఆత్మహత్య వార్త ఎలా రాయాలో ప్రెస్ కౌన్సిల్ 2019లోనే మార్గదర్శకాలిచ్చింది. పద్ధతి వివరించొద్దంది, సంచలనం చేయొద్దంది. అయినా మందు పేరుతో సహా అచ్చవుతోంది. టీవీలో ఖాళీ డబ్బా మీద కెమెరా నిలబెడుతున్నారు. రిజల్ట్స్ వచ్చిన రోజు పోయిన పిల్ల ఫొటో, స్కూల్ యూనిఫాంలో, సగం పేజీ. అదే రోజు ఫెయిలైన వేలమంది పిల్లలు ఆ పేజీ చూస్తారని ఎడిటర్‌కు తట్టదా?

ఇక ఆసుపత్రికి వెళ్దాం రండి. ఏ జిల్లా కేంద్రమైనా సరే, ఏ పెద్దాసుపత్రయినా సరే.

ముందు ఇంటి దగ్గర గంట పోతుంది. ఉప్పునీళ్లు పట్టిస్తారు. సబ్బునీళ్లు పట్టిస్తారు. పేడనీళ్లు కూడా. బలవంతంగా కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఉన్న ప్రాణం మీదికి వస్తుందని వాళ్లకు ఎవరు చెప్పారు? బళ్లో చెప్పామా? గ్రామసభలో చెప్పామా? ఫలానా పథకం, ఫలానా నాయకుడు అని ఊరి గోడలన్నీ నింపాం కదా, ఈ ఒక్క ముక్కకు గోడ మిగల్లేదా?

తర్వాత ఆర్ఎంపీ దగ్గర ఇంకో గంట. తర్వాత మండల ఆసుపత్రి, అక్కడ్నుంచి జిల్లాకు రిఫర్. క్యాజువాలిటీలో మంచం దొరికేసరికి రాత్రి. ముక్కులో పైపు ఉంది. నోరంతా పుండు. ఒళ్లంతా వణుకు. అప్పుడు, పక్క మంచాల వాళ్లంతా వింటుండగా, నేను చెవులారా విన్న మాట ఇది: ‘ఏమ్మా, మొగుణ్ణి బెదిరిద్దామని తాగావా? నీ డ్రామాకి మేం చావాలా?’

ఆ పిల్లకు ఇరవై రెండేళ్లుంటాయి. కళ్లు మూసుకుంది. ఆ మాట అన్నవాళ్లూ చెడ్డవాళ్లు కారు. ఆ రాత్రి ముప్పై మందిని చూసుకోవడానికి ఇద్దరే ఉన్నారు. కాని ఆ మాట చాలు, మనిషి మళ్లీ ఎవరికీ నోరు విప్పకుండా ఉండడానికి.

మూడో రోజుకు కోలుకుంటే పంపించేస్తారు. చీటీ మీద గ్యాస్ మాత్రలు, బలం మందు. మానసిక వైద్యుడికి చూపించమని ఒక్క ముక్క ఉండదు. ఎక్కడికి పంపుతారు? అదే ఇంటికి. అదే మొగుడి దగ్గరికి. అదే అప్పు దగ్గరికి. అదే డబ్బా ఉన్న చోటికి.

చట్టం ఏం చెబుతోందో తెలుసా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 115వ సెక్షన్. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు. వైద్యం, సంరక్షణ, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. మళ్లీ ఆ ప్రయత్నం జరక్కుండా చూడటం ప్రభుత్వ బాధ్యత. 2018 నుంచి ఇది అమల్లో ఉంది. 2024 జులైలో కొత్త శిక్షాస్మృతి వచ్చాక పాత 309 సెక్షనే లేకుండా పోయింది. అయినా మన జనం ఇప్పటికీ ఆసుపత్రికి తీసుకెళ్లడానికి జంకుతున్నారు. ‘పోలీసు కేసవుతుంది’ అన్న భయంతో గంటలు పోగొట్టుకుంటున్నారు. నేరం కాదని వాళ్లకు చెప్పే బాధ్యత ఎవరిది?

దేశంలో లక్ష మందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. దీనికి ఎవరైనా సిగ్గుపడ్డారా?

ఇప్పుడు కొట్టు దగ్గరికి. మీ మండల కేంద్రంలో బస్టాండు పక్కన ఉంటుంది చూడండి, ఎరువులు, పురుగుమందుల దుకాణం. పదేళ్ల పిల్లాడు వచ్చి ‘నాన్న ఫలానాది తెమ్మన్నాడు, ఖాతాలో రాసుకోమన్నాడు’ అంటాడు. కొట్టతను పేపర్లో చుట్టి ఇస్తాడు. ఎవరికి, ఏ పంటకు, ఎన్ని ఎకరాలకు అని అడగడు. వ్యవసాయ అధికారి రాసిన చీటీ అడగడు. జలుబు మందుకు కూడా కొన్నిచోట్ల చీటీ అడుగుతున్నారే, దీనికి ఎందుకు అడగరు? మిగిలిన మందు ఇంటికి వస్తుంది. అన్నం వండుకునే ఇంటికి. పిల్లలు పడుకునే ఇంటికి.

ఇది ఎవరూ ఆపలేని వరద అనుకుంటున్నారా?

శ్రీలంకను చూడండి. మన పక్కనే ఉంది. 1995 నాటికి ఆత్మహత్యల్లో ప్రపంచంలోనే పై వరసలో ఉండేది. కారణం ఇదే, పురుగుమందు. అత్యంత ప్రమాదకరమైన వర్గం మందులన్నిటినీ 1995 నాటికి ఆపేసింది. 1998లో ఇంకో మందును ఆపేసింది. 2008 తర్వాత మరికొన్నిటిని. 2015 నాటికి ఆత్మహత్యల రేటు 70 శాతం పడిపోయింది. ఇరవై ఏళ్లలో 93 వేల ప్రాణాలు దక్కాయని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ ఇరవై ఏళ్లలో శ్రీలంకలో అప్పులు పోలేదు. తాగుడు పోలేదు. మొగుళ్లు మారిపోలేదు. యుద్ధం 2009 దాకా నడిచింది. మారింది ఒక్కటే, కొట్టులో దొరికే డబ్బా. వరి దిగుబడి తగ్గలేదు.

బంగ్లాదేశ్ 2000లో అదే పని చేసింది. దక్షిణ కొరియా 2012కల్లా ఒక కలుపు మందును మార్కెట్లో లేకుండా చేసింది. అక్కడా చావులు తగ్గాయి. మన కేరళ 2011లో పద్నాలుగు మందులను ఆపింది. కేరళ వాళ్లు అన్నం తినడం మానేశారా?

మరి ఢిల్లీ ఏం చేసింది? 1958లో కేరళ, మద్రాసు రాష్ట్రాల్లో తిండి సరుకులో పురుగుమందు కలిసి వందమందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బకు 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. పదేళ్లు పట్టింది. తర్వాత 2008లో కొత్త బిల్లన్నారు, 2020లో మరో బిల్లన్నారు. బయటి దేశాలు నిషేధించినా మన దగ్గర అమ్ముడవుతున్న 66 మందులను పరిశీలించడానికి 2013లో కమిటీ వేశారు. 2018లో 18 మందులను నిషేధించారు. 2020 మే నెలలో ఇంకో 27 నిషేధిస్తామని ముసాయిదా ఇచ్చారు. కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. గడువు పెంచారు. మళ్లీ కమిటీ వేశారు. 2023లో చివరికి తేలిందేమిటంటే, ఆ 27లో చాలా వాటిని వదిలేశారు.

ఆ మూడేళ్లలో పోయినవాళ్ల అభ్యంతరం ఎవరు విన్నారు?

కేరళలా మీరూ ఆపండని రాష్ట్ర ప్రభుత్వాలను అడిగితే ఢిల్లీ వైపు చేతులు చూపిస్తాయి. చట్టం ప్రకారం రాష్ట్రం తన అధికారంతో ఆపగలిగేది అరవై రోజులు, పొడిగిస్తే మరో ముప్పై అంటాయి. తొంభై రోజులు! పత్తి విత్తిన దగ్గర్నుంచి ఆఖరి తీత వరకు ఎన్ని నెలలో తెలిసినవాళ్లేనా ఈ చట్టం రాసింది? ఆపే అధికారం కోసం ఢిల్లీలో మన ఎంపీలు ఎప్పుడు నిలబడ్డారు? రెండు రాష్ట్రాలకు కలిపి లోక్‌సభలో నలభై రెండు మంది ఉన్నారు.

కంపెనీలు ఇంకో మాట చెబుతాయి. ‘మందు తప్పు కాదు, దాచుకోవడం తప్పు. పెట్టెలో పెట్టి తాళం వేసుకోమనండి.’ అదీ పరీక్షించారు. శ్రీలంకలోనే, 180 పల్లెల్లో, యాభై వేలకు పైగా ఇళ్లలో. తాళం పెట్టెలు ఇచ్చిన ఊళ్లకూ ఇవ్వని ఊళ్లకూ తేడా లేదని 2017లో ఫలితం అచ్చయింది. తాళం చెవి ఉండేది ఆ ఇంట్లోనే కదా! ఇంట్లో జాగ్రత్త వద్దని నేననను. కాని ఆ జాగ్రత్తను చూపించి చట్టం తప్పించుకుంటే ఊరుకోను.

‘రైతుకు మందు లేకపోతే పంట ఎలా?’ అంటారు. ప్రాణం తీసేదే కావాలని ఏ రైతు అడిగాడు? పురుగు చావాలన్నాడు. దానికి వేరే మందులున్నాయి, మందే లేని పద్ధతులున్నాయి. పురుగుమందు లేని సాగు చేసి చూపించిన ఒకప్పటి ఖమ్మం జిల్లా పునుకుల మన దగ్గరే ఉంది. ఆ ఊరిని పొగిడి వదిలేశాం.

ఇవన్నీ మీకు తెలియవా? కౌలుకు తీసుకున్నవాడి పేరు మీద పాసుపుస్తకం లేదని బ్యాంకు అప్పివ్వకపోవడం, అప్పివ్వలేదని వాడు నూటికి మూడు రూపాయల వడ్డీకి పోవడం, ఆ వడ్డీకిచ్చినవాడే మందుల కొట్టు పెట్టి అరువుకు డబ్బాలు అంటగట్టడం, నకిలీ విత్తనం మొలవకపోతే అడిగేవాడు లేకపోవడం, పంట చేతికొచ్చే వేళకు ధర పడిపోవడం, ఆడవాళ్ల గ్రూపు కిస్తీ కట్టలేదని తోటి ఆడవాళ్ల చేతే ఇంటి ముందు కూర్చోబెట్టి పరువు తీయించడం, లోన్ యాప్ వాడు ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఫొటోలు పంపడం, బడి పక్కనే బెల్టు షాపు నడవడం, తాగి కొట్టిన మొగుడి మీద ఫిర్యాదు చేయబోతే స్టేషన్‌లో ‘సర్దుకుపోమ్మా’ అనడం, పుట్టింటికి వస్తే తల్లే ‘నలుగురూ ఏమనుకుంటారే’ అని బస్సెక్కించడం, ప్రేమించిన పిల్లను కులం పేరు చెప్పి గదిలో పెట్టి తాళమేయడం, 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి, ఆ రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకుంటే ఆ తప్పుకు బాధ్యులెవరో ఇంతవరకు ఆ తల్లులకు ఎవరూ కళ్లలోకి చూసి చెప్పకపోవడం, పది మార్కుల తేడాకు ఇంట్లో మాటలు మానేయడం, మండల ఆసుపత్రిలో రాత్రి డాక్టర్ లేకపోవడం, ఉన్న ఆసుపత్రిలో వెంటిలేటర్ ఖాళీ లేకపోవడం, ప్రైవేటుకు పరిగెత్తితే ముందు డబ్బు కట్టమనడం, ఉన్న ఎడ్లనూ పుస్తెలనూ అమ్మి కట్టాక శవాన్ని అప్పగించడం, చనిపోయాక పరిహారానికి వెళ్తే త్రిసభ్య కమిటీ వచ్చి ‘ఇతను రైతేనా, అప్పు కాగితం ఏదీ’ అని విధవరాలిని నిలబెట్టి అడగడం, నోటి మాట మీద తెచ్చిన అప్పుకు కాగితం ఎక్కణ్ణుంచి తెస్తుందో ఎవరికీ పట్టకపోవడం, చివరికి పేపర్లో కడుపునొప్పి అని అచ్చేయడం, దాన్ని మీరు దాటేసి బంగారం ధర చూసుకోవడం.

ఊపిరాడుతోందా?

వాళ్లకు ఆడలేదు.

పరిహారం సంగతి తీశాను కాబట్టి ఇదొక్కటి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో 421 జీవో వచ్చింది, లక్షన్నర. 2015లో తెలంగాణ ఆరు లక్షలు చేసింది. ఇవ్వాలి, ఇంకా ఎక్కువ ఇవ్వాలి, ఆ విధవరాలిని నిలబెట్టి ప్రశ్నలడగకుండా ఇవ్వాలి. కాని మనిషి పోయాక ఎంత ఇవ్వాలో జీవో రాయగలిగిన చేతులు, మనిషి పోకుండా ఏం చేయాలో ఒక్క జీవో రాయలేవా?

2022 నవంబరులో కేంద్రం జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం ప్రకటించింది. 2030 నాటికి చావులు పది శాతం తగ్గించాలట. పక్క దేశం డెబ్బై శాతం తగ్గించి చూపించాక మనం పెట్టుకున్న లక్ష్యం పది. దాని కోసమైనా మీ జిల్లాలో ఏం జరిగింది? కలెక్టర్ గారి సమీక్షలో ఈ అంశం ఎప్పుడు వచ్చింది? డెంగీ కేసులు వారం వారం లెక్కపెడతారు. కుక్కకాట్లు లెక్కపెడతారు. ఏ ఊళ్లో, ఏ మందుతో, ఏ కొట్టులో కొన్నదానితో ఎంతమంది పోయారో లెక్కపెట్టే రిజిస్టర్ ఏ జిల్లా వైద్యాధికారి బల్ల మీద ఉంది?

తమిళనాడులో ఫెయిలైన పిల్లలకు ఏడాది పోకుండా వెంటనే మళ్లీ పరీక్ష పెట్టించాలని పోరాడింది ఎవరో తెలుసా? చెన్నైలో స్నేహ అనే సంస్థ పెట్టిన మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్. ఆమే కడలూరు జిల్లా పల్లెల్లో పురుగుమందును ఇళ్లలోంచి తీయించి ఊరుమ్మడి లాకర్లలో పెట్టించి చూశారు. తాళం ఇంట్లో వేస్తే లాభం లేదు, డబ్బా ఇంట్లోనే ఉండకూడదని. ఒక డాక్టరమ్మ చేయగలిగిన పని రెండు ప్రభుత్వాలు చేయలేవా? చేయలేక కాదు. మీరు అడగలేదు.

అవును, మీరే. మిమ్మల్నే అంటున్నాను. కోపం వస్తే రానివ్వండి.

ఈ అక్షరాలు చదువుతున్నవాళ్లలో ఆ ఆలోచనతో సతమతమవుతున్నవాళ్లు ఉండొచ్చు. అమ్మా, నాయనా, నా కోపం మీ మీద కాదు. మీలో ఏ లోపమూ లేదు. ఈ గడియ దాటుతుంది, దాటినవాళ్లు లక్షల మంది ఉన్నారు. ఒంటరిగా ఉండకండి, ఇప్పుడే పక్కవాళ్లను పిలవండి. 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు.

మిగతావాళ్లకు. ఇంట్లో మిగిలిన మందు ఉంటే ఈరోజే ఇంట్లోంచి తీయించండి. ఎవరైనా తాగారని తెలిస్తే ఏమీ పట్టించకండి, కక్కించకండి, తిట్టకండి, 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మూగబోయిన మనిషి కనిపిస్తే ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది బయటికొస్తుంది.

ఆ తర్వాత మీ ఎమ్మెల్యేను అడగండి, మీ ఎంపీని అడగండి. మన రాష్ట్రంలో ప్రాణాలు తీస్తున్న మందులు ఏవి, అవి ఇంకా ఎందుకు అమ్ముతున్నారు, ఎప్పుడు ఆపుతారు? తేదీ చెప్పమనండి. చెప్పకపోతే వచ్చే వారం మళ్లీ అడగండి. ఓటుకు వచ్చినప్పుడు గుమ్మంలో నిలబెట్టి అడగండి.